నవ్విన నాపచేనే పండింది!

పొద్దున్నే కాఫీ తాగుతూ పత్రిక తిరగేస్తే మీరు వేసిన బొమ్మ అందులో అచ్చయి ఉందనుకోండి. ఎంత సంబరం! కానీ దానికి పెట్టిన శీర్షిక 'వికృత చిత్రాలు' అనే అర్థంలో ఉంటే? అది బంధువులు, ఇరుగుపొరుగు, నాన్నగారి స్నేహితులు... అందరూ చదివే పత్రిక. ఆ రోజు గడప దాటి వీధిలోకి రావాలంటే ఎంత గుండె నిబ్బరం కావాలి!

1923లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో ఇరవయ్యారేళ్ల మెయినీ జెల్లెట్‌కు ఎదురైన అనుభవం ఇది. పారిస్‌లో నేర్చుకొచ్చిన కొత్త పద్ధతిలో ఆమె వేసిన చిత్రాలను డబ్లిన్ పెయింటర్స్ సొసైటీ ప్రదర్శనలో పెట్టారు. ఐర్లండ్‌లో అలాంటి బొమ్మలు అంతకుముందు ఎవరూ చూసి ఎరగరు. మనిషి లేడు, చెట్టు లేదు, కొండ లేదు. ఒకదాని మీద ఒకటి వాలిన రంగుల పలకలు మాత్రమే! 'ది ఐరిష్ టైమ్స్' పత్రిక వెక్కిరించింది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

అలాంటప్పుడు ఎవరైనా రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. కుంచె పక్కన పడేస్తారు, లేదంటే తమను మెచ్చుకునే ఊరికి వెళ్లిపోతారు. మెయినీకి ఆ రెండో దారి తెరిచే ఉంది. పారిస్‌లో గురువున్నాడు, తోటి చిత్రకారులున్నారు. అయినా ఆమె డబ్లిన్‌లోనే ఉంది. నవ్విన ఊరికే ఇరవై ఏళ్లపాటు ఓపిగ్గా బొమ్మ చూడటం నేర్పింది. నన్ను కట్టిపడేసింది ఆ ఓపికే.

నలుగురిలో పెద్దమ్మాయి

మెయినీ అసలు పేరు మేరీ హ్యారియెట్ జెల్లెట్. 1897 ఏప్రిల్ 29న డబ్లిన్‌లో ఫిట్జ్‌విలియం స్క్వేర్ అనే పెద్దమనుషుల పేటలో పుట్టింది. నలుగురు ఆడపిల్లల్లో పెద్దది. తండ్రి విలియం మోర్గన్ జెల్లెట్ పేరున్న న్యాయవాది, పార్లమెంటు సభ్యుడిగా కూడా పనిచేశాడు. ఐర్లండ్ బ్రిటన్‌తో కలిసే ఉండాలని కోరుకున్న వర్గం ఆయనది. తల్లి జానెట్ సంగీతం బాగా తెలిసిన మనిషి. ఇంట్లో ఎప్పుడూ పియానో మోగుతూనే ఉండేది. మెయినీ కూడా ఎంత చక్కగా వాయించేదంటే, పియానో విద్వాంసురాలు అవుతుందనే అనుకున్నారు. ఆమె చెల్లెలు బే సంగీతంలోనే స్థిరపడి, డబ్లిన్ గెయిటీ థియేటర్ ఆర్కెస్ట్రాను నడిపింది.

బొమ్మల పాఠాలు చిన్నప్పుడే మొదలయ్యాయి. నేర్పిన టీచర్లలో ఒకామె కవి డబ్ల్యు.బి. యేట్స్ చెల్లెలు ఎలిజబెత్ యేట్స్. ఆ తరగతిలో మెయినీతో పాటు కూర్చున్న మరో పిల్ల ఎలిజబెత్ బోవెన్ పెద్దయ్యాక గొప్ప నవలా రచయిత్రి అయింది.

తర్వాత మెయినీ డబ్లిన్ మెట్రోపాలిటన్ స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరింది. అక్కడ విలియం ఆర్పెన్ బోధన. ఆ పైన లండన్ వెళ్లి వెస్ట్‌మినిస్టర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో వాల్టర్ సికర్ట్ దగ్గర నేర్చుకుంది. 1920లో ఐర్లండ్‌లో కళా విద్యార్థులకిచ్చే టేలర్ బహుమతి కూడా గెలిచింది. ఆ పద్ధతిలోనే కొనసాగి ఉంటే పెద్దింటి వాళ్ల రూపచిత్రాలు వేస్తూ హాయిగా, గౌరవంగా బతికి ఉండేది. ఎవరూ నవ్వేవాళ్లూ కాదు!

కుంటుతూ వచ్చిన నేస్తం

లండన్‌లో దొరికింది ఆమెకు ఒక స్నేహం. పేరు ఈవీ హోన్. ఆమెదీ డబ్లినే. మెయినీ కంటే మూడేళ్లు పెద్ద. పదకొండు, పన్నెండేళ్ల వయసులో పోలియో సోకి ఈవీకి నడక కష్టమైపోయింది. చేతికి కూడా ఆ బలహీనత తప్పలేదు. ఆ రోజుల్లో అలాంటి పిల్లను ఇంట్లో కూర్చోబెట్టి జాలిపడటమే లోకరీతి. ఈవీ మాత్రం రంగుల పెట్టె పట్టుకుని దేశాలు తిరిగింది.

1921లో ఇద్దరూ కలిసి పారిస్ చేరారు. మొదట ఆండ్రే లోట్ దగ్గర చేరారు. క్యూబిజం అనే పద్ధతిలో ఆయన దిట్ట. ఒక వస్తువును ఒకవైపు నుంచే కాకుండా పలకలు పలకలుగా విడదీసి, మళ్లీ పేర్చి చూపించడం ఆ పద్ధతి. లోట్ బొమ్మల్లో మాత్రం మనిషి, సీసా, బల్ల ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. కొన్నాళ్లకు ఈ ఇద్దరికీ అది చాలలేదు. ఏ వస్తువునూ చూపించకుండా, ఒట్టి రంగుతో, ఆకారంతోనే బొమ్మ నిలబడాలంటే ఎలా? అది తేల్చుకోవాలనుకున్నారు.

ఆ ప్రశ్నతోనే అదే ఏడాది చివర్లో ఆల్బెర్ గ్లేజ్ తలుపు తట్టారు. 1912లోనే జాన్ మెట్జింజేతో కలిసి క్యూబిజం మీద పుస్తకం రాసిన మనిషాయన. 'నాకు శిష్యులెవరూ లేరు, పాఠాలు చెప్పడం నా పని కాదు' అన్న ధోరణిలో తప్పించుకోజూశాడట. వీళ్లు వదిలితేనా! మెత్తగా మాట్లాడుతూనే పట్టు మాత్రం సడలనివ్వలేదు. చివరికి ఆయనే దారికొచ్చాడు. తమాషా ఏమిటంటే, ఈ ఇద్దరికీ వివరించబోయి ఆయనే తన ఆలోచనలకు ఒక పద్ధతి ఏర్పరచుకున్నాడు. చిత్రకళా సూత్రాల మీద ఆ తర్వాత ఆయన రాసిన పుస్తకంలో ఆ పాఠాల ఫలం ఉంది. నేర్చుకునేవాళ్లు గట్టివాళ్లయితే నేర్పేవాడూ ఎదుగుతాడన్న మాట!

సికర్ట్, లోట్, గ్లేజ్... ఈ ముగ్గురి దగ్గర చదువునూ తన పనిలో వచ్చిన మూడు విప్లవాలుగా మెయినీ చెప్పుకునేది. పదేళ్ల పాటు ఏటా కొంతకాలం పారిస్ వెళ్లి గ్లేజ్ దగ్గర పనిచేసి, మళ్లీ డబ్లిన్ వచ్చేసేది.

"ఇందులో ఏముంది అత్తా?"

2025 వేసవిలో డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలి దగ్గరికి వెళ్లాను. అక్కడి నేషనల్ గ్యాలరీలో అప్పుడు మెయినీ, ఈవీల చిత్రాలతో 'స్నేహమనే కళ' అనే అర్థం వచ్చే పేరుతో పెద్ద ప్రదర్శన జరుగుతోంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పెట్టారు. 1924లో ఇద్దరూ కలిసి డబ్లిన్‌లో ప్రదర్శన చేశాక, మళ్లీ అలా ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూపించడం ఇదేనట. నూరేళ్లు దాటింది!

అక్కడే చూశాను 1923 నాటి 'డెకరేషన్' చిత్రాన్ని. ఊరంతా నవ్వింది ఇలాంటి బొమ్మల్ని చూసే. చెక్క పలక మీద టెంపెరా రంగులతో వేసింది. పై అంచు గుడి కప్పులా కోణంగా ఉంటుంది. పాతకాలపు ఇటలీ చర్చిల్లోని పూజా ఫలకాలు గుర్తొస్తాయి. లోపల మాత్రం దేవుడూ లేడు, దేవతా లేదు. రంగుల పలకలే.

"ఇందులో ఏముంది అత్తా?" అంది మా పిల్ల.

"మీ అమ్మ వాకిట్లో వేసే ముగ్గులో ఏముంటుందే?" అన్నాను.

ఓ క్షణం ఆగి నవ్వింది. నిజమే కదా! చుక్కలు పెట్టి, వాటి చుట్టూ గీత తిప్పుకుంటూ వెళ్లే మెలికల ముగ్గులో ఏ వస్తువు బొమ్మా ఉండదు. అయినా 'ఇదేమిటి?' అని ఎవరూ అడగరు. చూపు గీత వెంట తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తుంది, మనసుకి ఏదో నిమ్మళం కలుగుతుంది. గీత ఎక్కడైనా తప్పితే మాత్రం ఇట్టే పట్టేస్తాం!

మెయినీ పద్ధతి ముగ్గు కాదు, దాని లెక్క వేరు. గ్లేజ్ దగ్గర ఆమె సాధన చేసింది రెండు కదలికలు. మొదటిది జరపడం. చిత్రపటం ఆకారం ఏదో దాన్నే తీసుకుని, అదే కొలతల నిష్పత్తిలో చిన్న పలకలు గీసి, అటూ ఇటూ పక్కకి జరుపుతారు. రెండోది తిప్పడం. ఆ పలకల్ని కొంచెం కొంచెం ఒరగదీస్తూ మధ్య బిందువు చుట్టూ తిరుగుతున్నట్టు పేరుస్తారు. తర్వాత రంగులు. ఒక రంగు మరో రంగుని పిలుస్తున్నట్టు ఉండాలి. అప్పుడు చూసేవాళ్ల కన్ను ఒక మూల ఆగిపోకుండా బొమ్మంతా తిరుగుతుంది. పియానో వాయించే చెయ్యి కదా, రంగుల్లోనూ ఆమెకు లయ దొరికింది.

మా పిల్ల ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. "తిరుగుతోంది అత్తా..." అంది చివరికి. అంతే! అర్థం చెప్పక్కర్లేదు, చూడటం తెలిస్తే చాలు. మెయినీ తన ఊరికి నేర్పింది కూడా ఇదే.

మలేరియా అన్న పెద్దమనిషి

1923లో వచ్చిన విమర్శల్లో అన్నిటికంటే ఘాటైనది జార్జ్ రసెల్‌ది. ఏ.ఇ. అనే కలం పేరుతో ఆయన ఐర్లండ్‌లో అందరికీ తెలుసు. కవి, చిత్రకారుడు, 'ది ఐరిష్ స్టేట్స్‌మన్' పత్రిక సంపాదకుడు. క్యూబిజాన్ని కళకు పట్టిన మలేరియాగా వర్ణించి, మెయినీ ఆ జబ్బున పడిందని రాశాడు.

ఈ ఏ.ఇ. మూర్ఖుడేం కాదు. దివ్యజ్ఞాన సమాజం ప్రభావంతో ఉపనిషత్తులు, గీత చదువుకున్నవాడు. మన మదనపల్లె బీసెంట్ కళాశాలలో పనిచేసిన జేమ్స్ కజిన్స్ డబ్లిన్‌లో ఉన్నప్పుడు ఈయన మిత్రబృందంలోనివాడే. 1919లో రవీంద్రుడు మదనపల్లె వచ్చినప్పుడు జనగణమన బాణీని స్వరపరచి రాసిపెట్టింది కజిన్స్ భార్య మార్గరెట్ అని మీకు తెలిసే ఉంటుంది. అలాంటి విశాల హృదయుల గుంపులోని మనిషికి కూడా ఒక ఆడపిల్ల వేసిన రంగు పలకలు మింగుడు పడలేదు.

ఎందుకు? ఆ కాలాన్ని కూడా అర్థం చేసుకోవాలి. 1922లోనే ఐర్లండ్‌కు సొంత ప్రభుత్వం వచ్చింది. వెంటనే అంతర్యుద్ధం. అన్నదమ్ములే కొట్టుకున్నారు. 1923 మే నెలలో తుపాకులు ఆగాయి. గాయాలింకా పచ్చిగానే ఉన్నాయి. కొత్త దేశానికి తనదైన ముఖం కావాలి. గడ్డికప్పు ఇళ్లు, పడమటి కొండలు, చేపలు పట్టే పడవలు... ఇవే ఐర్లండ్ బొమ్మలని అందరూ అనుకుంటున్న సమయం. అప్పుడు బ్రిటన్ పక్షం వహించిన ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి పారిస్ నుంచి ఈ గళ్ల బొమ్మలు పట్టుకొచ్చింది. 'ఇది మనది కాదు' అనేయడం ఎంత సులువు!

మనదే, చూడండి

మెయినీ వాదులాటకు దిగలేదు. మొహం మాడ్చుకుని మూల కూర్చోలేదు. ప్రసంగాలు చేసింది, వ్యాసాలు రాసింది, రేడియోలో మాట్లాడింది. తన ఇంట్లోనే పిల్లలకు, పెద్దలకు బొమ్మల పాఠాలు చెప్పింది. బొమ్మలు అమ్ముకుని బతికే పరిస్థితి కాదు. ఆ పాఠాలే ఆమెకు జీవనాధారంలో పెద్ద భాగం. కార్పెట్లకు డిజైన్లు కూడా గీసింది. పెళ్లి చేసుకోలేదు.

ఆమె చెప్పిన మాటల్లో నాకు బాగా నచ్చిన వాదన ఒకటుంది. మీరు పరాయిది అంటున్న ఈ కళ మన పాత కళకు చుట్టమే అంది. ట్రినిటీ కాలేజీలో భద్రంగా ఉన్న 'బుక్ ఆఫ్ కెల్స్' సుమారు 800 నాటి సువార్తల రాతప్రతి. అందులో పేజీల నిండా మెలికలు, అల్లికలు, చుట్లు. ఐర్లండ్ పల్లెల్లో నిలబడిన పాత రాతి శిలువల మీదా అవే. అవి వేసినవాళ్లు ప్రకృతిని ఉన్నదున్నట్టు దింపడానికి ప్రయత్నించలేదు. లయ కోసం, భక్తి కోసం గీశారు. నేను చేస్తున్నదీ అదే కదా అన్నది ఆమె మాటల సారం. అమ్మమ్మల పెట్టెలోంచి తీసి చూపించినట్టుగా చూపించింది!

కళాకారుడు సమాజానికి దూరంగా దంతపు మేడలో కూర్చోకూడదనీ, వడ్రంగిలా, నేతగాడిలా సమాజానికి పనికొచ్చే పనివాడు కావాలనీ ఆమె నమ్మకం.

మెల్లమెల్లగా గాలి మళ్లింది. 1928లో ఆమె ఇటలీ పాతకాలపు సన్యాసి చిత్రకారుడు ఫ్రా ఆంజెలికోకి అంజలిగా ఒక పెద్ద చిత్రం వేసింది. రంగుల పలకల మధ్య మనుషుల ఆకారాలు లీలగా పోల్చుకోవచ్చు. దానికి డబ్లిన్‌లో మంచి ఆదరణ దొరికింది. ఆ ఏడాదే ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో... అవును, అప్పట్లో ఒలింపిక్స్‌లో చిత్రకళకూ పోటీలుండేవి... ఆమె చిత్రం పాల్గొంది. 1938లో గ్లాస్గోలో జరిగిన ఎంపైర్ ఎగ్జిబిషన్‌లో ఐర్లండ్ మండపానికి గోడ చిత్రాలు వేయమని ఐరిష్ ప్రభుత్వమే ఆమెను అడిగింది. 'వికృత చిత్రాలు' వేసిన పిల్లే ఇప్పుడు దేశం తరఫున బొమ్మలు వేస్తోంది. పదిహేనేళ్లు పట్టింది!

1935లో లండన్‌లో మొదలైన చైనా కళా ప్రదర్శన ఆమెకు మరో కిటికీ తెరిచింది. 1939లో వేసిన 'అకిల్ గుర్రాలు' చూడండి. ఐర్లండ్ పడమటి తీరంలోని అకిల్ దీవి గుర్రాలు, చైనా చిత్రాల్లోలాంటి మెలికలు తిరిగే గీతలు, గ్లేజ్ నేర్పిన లయ అన్నీ ఒక్క పటంలో కలిసిపోయాయి. గుర్రమేదో అలేదో తెలియనంతగా పరుగు!

ఈవీ దారి అద్దాల దారి

మరి ఈవీ? ఆమె కొంతకాలం ఇంగ్లండ్‌లో ఒక సన్యాసినుల మఠంలో చేరి, తిరిగొచ్చింది. తర్వాత 1930లలో రంగుటద్దాల పని వైపు మళ్లింది. డబ్లిన్‌లో చిత్రకారిణి సారా పర్సర్ 1903లో స్థాపించిన 'అన్ టూర్ గ్లినా' అనే అద్దాల పనిశాలలో చేరింది. కాలు సరిగా సాగని మనిషి నిలువెత్తు కిటికీలు తయారుచేసిందంటే ఆశ్చర్యమే! 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకు ఐర్లండ్ తరఫున 'నా నాలుగు పచ్చని పొలాలు' అనే కిటికీ చేసింది. ఇంగ్లండ్‌లోని ఈటన్ కాలేజీ ప్రార్థన మందిరం కిటికీలు యుద్ధంలో బాంబు పడి పగిలిపోతే, తూర్పు వైపు పెద్ద కిటికీ పని ఆమెకే అప్పగించారు. 1952లో పూర్తిచేసింది.

దారులు వేరైనా ఇద్దరి స్నేహం చెక్కుచెదరలేదు. ఇద్దరూ ఒకే పని చేసే ఆడవాళ్లయితే పోటీ, అసూయ తప్పవని తేలిగ్గా అనేస్తుంటారు చూడండి... వాళ్లకి ఈ ఇద్దరి కథ చెప్పాలి.

తలుపు తెరిచి వెళ్లింది

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పారిస్ దారులు మూసుకుపోయాయి. డబ్లిన్‌లో కొత్త తరహా బొమ్మలకు పెద్ద అకాడమీ తలుపులు తెరుచుకోవు. రాయల్ హైబర్నియన్ అకాడమీ 1942లో యువ చిత్రకారుడు లూయీ లె బ్రోకీ చిత్రాన్ని తిరగ్గొట్టింది. అప్పుడు అతని తల్లి సిబిల్ చొరవతో కొందరు ఒక్కచోట చేరారు. వాళ్లే సొంతంగా ఒక ప్రదర్శన పెట్టుకుంటే? అలా 1943 సెప్టెంబరులో పుట్టింది 'ఐరిష్ ఎగ్జిబిషన్ ఆఫ్ లివింగ్ ఆర్ట్'. కమిటీ అధ్యక్షురాలు మెయినీ. ఈవీ హోన్, నోరా మెక్‌గిన్నెస్ కూడా కమిటీలో ఉన్నారు.

ఇరవై ఏళ్ల కిందట తనను చూసి నవ్విన ఊళ్లో, తన తర్వాతి పిల్లలను చూసి ఎవరూ నవ్వకుండా ఆమె ఒక చోటు కట్టిపెట్టింది. దశాబ్దాల పాటు ఏటా ఆ ప్రదర్శన సాగింది. ఐర్లండ్‌లో ఆధునిక చిత్రకారులెందరో ఆ వాకిలి గుండానే లోకానికి తెలిశారు.

ఆ పంట చూసుకునే యోగం మెయినీకి లేదు. అప్పటికే క్యాన్సర్ ఆమెను పట్టుకుంది. 1944 ఫిబ్రవరి 16న, నలభై ఏడేళ్లయినా నిండకుండానే కన్నుమూసింది. చిన్నప్పటి నేస్తం ఎలిజబెత్ బోవెన్ ఆ ఏడాదే 'ది బెల్' పత్రికలో ఆమెను తలుచుకుంటూ రాసింది. మెయినీ తర్వాత లివింగ్ ఆర్ట్ బాధ్యతను నోరా మెక్‌గిన్నెస్ అందుకుంది. ఒక ఆడమనిషి చేతిలోంచి మరో ఆడమనిషి చేతిలోకి!

ఆపైన లోకం ఆమెను కొంతకాలం మరిచిపోయింది కూడా. 1991లో బ్రూస్ ఆర్నల్డ్ ఆమె జీవితచరిత్ర రాశాడు. ఆ ఏడాదే డబ్లిన్‌లో కొత్తగా తెరిచిన ఆధునిక కళా మ్యూజియం ఆమె చిత్రాలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. ఇప్పుడైతే ఐర్లండ్ ఆధునిక చిత్రకళ గురించి ఎవరు మాట్లాడినా మొదట వచ్చే పేర్లలో ఆమెది ఒకటి.

మన ఇళ్లలోనూ కొత్తగా ఏదో ఒకటి చేయబోయే అమ్మాయిలుంటారు. బొమ్మే కానక్కర్లేదు, వ్యాపారం కావచ్చు, పాట కావచ్చు, పొలంలో కొత్త పంట కావచ్చు. మొదట నవ్వేవాళ్లే ఎక్కువ. అప్పుడు ఆ పిల్లకి కావలసింది చప్పట్లు కాదు. 'నువ్వు చేస్తున్నది నాకు తెలుసు' అనే మనిషి ఒక్కరుంటే చాలు.

మెయినీకి ఆ మనిషి ఈవీ. 1955 మార్చిలో తమ పేట చర్చి గుమ్మంలో అడుగుపెడుతూ ఈవీ హోన్ కుప్పకూలి మరణించింది. ఆమె రాసిపెట్టిన వీలునామా ప్రకారం నేషనల్ గ్యాలరీకి ఒక చిత్రం చేరింది. చెక్క మీద టెంపెరా, 1923, మెయినీ జెల్లెట్ వేసిన 'డెకరేషన్'. ఊరు నవ్విన కాలం నాటి బొమ్మను నేస్తం ప్రాణంగా దాచి, చివరికి ఆ ఊరికే ఇచ్చి వెళ్లిపోయింది.